రేగడిలో బండలు పరిచిన కథ: ఒకే పని, రెండుసార్లు

పెరట్లో నడవడానికి దారి కావాలని అడిగింది మా అమ్మ. కర్నూలు చివర్లో ఒక కాలనీలో ఇల్లు కట్టుకుని నాలుగేళ్లయింది. ముందువైపు పార్కింగ్ టైల్స్ వేయించాం గానీ వెనక పెరడు మట్టిగానే వదిలేశాం. మాది నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది, వానాకాలం అడుగు వేస్తే చెప్పు అక్కడే ఉండిపోయి కాలు మాత్రం పైకి వస్తుంది. గుడ్డలారేసే తీగ దగ్గరికి, కొళాయి దగ్గరికి, కరివేపాకు చెట్టు దగ్గరికి రోజుకు ఇరవైసార్లు తిరిగే మనిషి ఆమె. ఓసారి వానలో జారి నీళ్లతొట్టి అంచు పట్టుకుని ఆగింది. "తుంటి విరిగినాక వేయిస్తావులే నాయనా" అని ఆ రోజంతా అంటూనే ఉంది. ఇంక తప్పలేదు.

ముందు సిమెంటు ఇంటర్‌లాకింగ్ బ్లాకులు చూశాను. నడిచే దారికి 60 మిల్లీమీటర్ల మందం చాలు, కారు ఎక్కే చోటైతే 80 తీసుకోండి అన్నాడు షాపతను. ఎరుపు, పసుపు, బూడిద రంగుల్లో బాగానే ఉన్నాయి. కానీ మన దిక్కు పుట్టి పెరట్లోకి సిమెంటు దిమ్మెలు కొనడానికి నాకు మనసొప్పలేదు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, అటు తాడిపత్రి, ఇటు కడప దిక్కు ఎర్రగుంట్ల, ఎక్కడికి పోయినా నాపరాయే కదా. భూమిలో పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి ఉలి పెట్టి లేపితే పలకలుగా వస్తుంది. కోయిలకుంట్ల దగ్గర మా ఊళ్లో పాతిల్లు ఉండేది, దాని నేల బండలే, పైకప్పూ బండలే, దొడ్డి చుట్టూ పాతిన కంచె కూడా బండలే.

కొలత వేసుకున్నాను. వంటింటి తలుపు నుంచి పెరటి చివరిదాకా 30 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు దారి. తలుపు ముందు, గోడ వారగా, కొళాయి దగ్గర సాయంత్రం కుర్చీ వేసుకోవడానికి 10 అడుగులకు 8 అడుగుల చోటు. మొత్తం 200 చదరపు అడుగులు. రెండడుగుల చదరం బండలైతే సరిగ్గా 50 పడతాయి, ఎక్కడా కోసే పని ఉండదు, నిజానికి దారి వెడల్పు 4 అడుగులు పెట్టుకున్నదే అందుకు. విరిగేవాటి కోసం ఇంకో ఐదు కలిపి 55 అనుకున్నాను.

బేతంచెర్లకు నేనే పోయాను. ఊరు ఇంకా దూరం ఉండగానే రోడ్డుకు రెండు పక్కలా పాలిషింగ్ యూనిట్లు, తెల్లటి బురద, ముక్కల గుట్టలు కనిపిస్తాయి. అక్కడ నేను తీసుకున్న ఒకే ఒక మంచి నిర్ణయం పాలిష్ పట్టని రాయి తీసుకోవడం. పాలిష్ రాయి చూడ్డానికి అద్దంలా ఉంటుంది, తడిసిందంటే అమ్మ తొట్టి అంచు కూడా అందకుండా జారుతుంది. రెండోది రంగు. కడప నలుపు నాకు చాలా ఇష్టం, కానీ మన మే నెల ఎండలో నల్ల బండ మీద ఉత్త కాళ్లతో నిలబడాలంటే అది అగ్నిగుండమే. లేత పసుపు, బూడిద కలిసినవి తీసుకున్నా. మందం ఒకటిన్నర ఇంచు. ఇంటికొచ్చాక ఒక బండను పాత పేపర్ల కొట్టులో కాటా మీద పెట్టి చూస్తే 37 కిలోలు తూగింది. అంటే 55 బండలు రెండు టన్నులు దాటతాయి. ఈ లెక్క ముందే వేసుకుని ఉంటే పొద్దున పది గంటలకల్లా దింపేస్తాంలే అని మా బామ్మర్దితో అని ఉండేవాణ్ణి కాదు. మధ్యాహ్నం మూడయింది. వాడు ఆ తర్వాత పండగ దాకా మా ఇంటికి రాలేదు.

మొదటిసారి నేను చేసింది చెప్తాను, సిగ్గేం లేదు.

మే నెల, రెండు ఆదివారాలు, ఫోన్‌లో చూసిన నాలుగు వీడియోలు. ఆ వీడియోల్లో వాళ్లు గడ్డి తీసేసి, రెండు మూడించులు గీకి, ఇసుక పోసి, రాయి పెట్టి, రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు కొడతారు, అయిపోతుంది. వాళ్ల నేల ఏ నేలో నేను అడగలేదు. ఎండకు మాది రాయి కంటే గట్టిగా ఉంది, గడ్డపార వేస్తే ఠంగుమని వెనక్కి వస్తోంది, ఇంత గట్టి నేలకు ఇంకేం కావాలిలే అనుకుని నెర్రెల్లో ఇసుక నింపి, పైన రెండించుల ఇసుక పరిచి బండలు వేసేశాను. ఫోటోలు తీసి బంధువుల గ్రూపులో పెట్టాను. అందరూ బొటనవేళ్లు చూపించారు. మా నాయన మాత్రం ఊరి నుంచి ఫోన్ చేసి "కింద ఏం పోసినావురా?" అని ఒక్క ముక్క అడిగాడు. ఇసుక అన్నాను. "ఊఁ" అని పెట్టేశాడు.

మనకు వాన జూన్‌లో ఊరికే పలకరించిపోతుంది, గట్టిగా పడేది ఆగస్టు, సెప్టెంబరుల్లోనే. ఆగస్టులో మొదటి గట్టి వాన పడ్డ మూడో రోజు అమ్మ పిలిచింది. వచ్చి చూస్తే దారి మధ్యలో బండలు ఉబ్బి పైకి లేచాయి, పక్కవి పల్లానికి వాలిపోయాయి. ఒక బండ అంచు మీద కాలు పెడితే రెండో అంచు కింద నుంచి బురదనీళ్లు పిచికారీ కొట్టినట్టు చీర మీద పడుతున్నాయి. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. అది కూడా అంతా ఒక్కలా జరగదు, కొళాయి దగ్గర తడి ఎక్కువ, దూరంగా తక్కువ, కాబట్టి ఒకచోట లేస్తే ఇంకోచోట లేవదు. నేను పోసిన ఇసుక ఆ బురదలో కలిసి ఎటుపోయిందో కూడా తెలియదు. ఇంకో ఘనకార్యం కూడా బయటపడింది. వాటం ఇంటి గోడ వైపు పెట్టాను. కావాలని కాదు, అసలు వాటం గురించి ఆలోచించలేదు, నేల ఎటు వాలి ఉందో అటే వేశాను. నీళ్లన్నీ గోడకు చేరి వంటింట్లో లోపలివైపు పెయింటు పొక్కులు లేచింది.

నాయన దసరాకు వచ్చి చూశాడు. చేతులు వెనక్కి కట్టుకుని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నడిచి, మధ్యలో ఒక బండ మీద నిలబడి ఇటూ అటూ ఊగి చూసి, "రేగట్లో ఉత్త ఇసుక పోసి బండ పరచడమంటే పడుకున్న ఎద్దు మీద పీట వేసుకుని కూచోవడమేరా, అది లేచేదాకా బాగానే ఉంటుంది" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. సంక్రాంతి అయినాక మొదలుపెడదాం అన్నాడు. వానల్లో తడిసిన రేగడి పారకు అంటుకుంటుంది, మే నెలలో దిగదు, సంక్రాంతి దాటాక ఆ రెండు నెలలే తవ్వకానికి అనువట.

మొదటి పని బండలు లేపడం. నేను ఒకదాని మీద ఒకటి పడుకోబెడుతుంటే నాయన ఆపించాడు. బండను పడుకోబెట్టి పేర్చితే కింద ఒక చిన్న గులకరాయి ఉన్నా పైబరువుకు అక్కడే పగులుతుందట, గోడకు ఆనించి అంచు మీద నిలబెట్టాలి. అప్పటికే రెండు పగిలాయి. ఆ రెండూ ఇప్పుడు తులసికోట చుట్టూ ఉన్నాయి.

తర్వాత తవ్వకం. అడుగు లోతు. 200 చదరపు అడుగులకు అడుగు లోతంటే 200 ఘనపుటడుగుల మట్టి. కాగితం మీద చిన్న అంకెలాగే ఉంటుంది, తట్టకెత్తి మోస్తే తెలుస్తుంది. ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లి పెడితే పొద్దునకు మెత్తబడుతుంది, కానీ కాస్త ఎక్కువ చల్లామా, పారకు అంటుకుని ఒక్కో పారకూ కాలితో తోసుకోవాల్సిందే. ఇద్దరు కూలీలను పెట్టుకున్నాం, నేను సెలవు పెట్టి మూడోవాణ్ణయ్యాను. ఇల్లు కట్టినప్పుడు పూడ్చేసిన చెత్తంతా బయటికొచ్చింది. ఇటుక ముక్కలు, గట్టిపడిన సిమెంటు సంచి, పెయింటు డబ్బా మూత, ఎవరిదో ఒంటి చెప్పు. నేను వేసిన ఒక గడ్డపార పోటుకు ఏదో పుటుక్కుమంది. కొళాయి పైపు. ఎనిమిది ఇంచుల లోతులో ఉంది. ఆ పూట నీళ్ల టైం కాదు కాబట్టి చుక్క కూడా రాలేదు, ఏదో వేరు తెగిందిలే అనుకుని మట్టి తోసేశాను. తెల్లవారుజామున నీళ్లు వదిలారు. ఆరు గంటలకు అమ్మ లేపి "రారా, మన పెరట్లో కె.సి. కాలువ పారతాంది" అంది. గుంత నిండా నీళ్లు. ఎండడానికి నాలుగు రోజులు పట్టింది, సెలవులు రెండు వృథా. పైపు ఎక్కడెక్కడ పోతుందో తవ్వకముందే సున్నంతో గీత గీసి పెట్టుకోండి, అంతకంటే చెప్పడానికి మొహం లేదు.

గుంత ఎండాక గరుసు తెప్పించాం. రెండు ట్రాక్టర్లు. ఎర్రగా, చిన్న గులకలతో, కొంచెం బంక మట్టి కలిసినది చూసి తీసుకోమన్నాడు నాయన, ఉత్త రాళ్లయితే అతుక్కోవు, ఉత్త మన్నయితే మళ్లీ రేగడి కథే. పది ఇంచుల మందం రావాలి. నేను ఒకేసారి నింపేసి పైన గట్టిగా కొడదామంటే ఒప్పుకోలేదు. మూడు నాలుగు ఇంచులు పరచడం, నీళ్లు చల్లడం, దిమ్మిసతో కొట్టడం, మళ్లీ పరచడం. ఒకేసారి పోస్తే పైన రెండించులే గట్టిపడి అడుగున గుల్లగా ఉండిపోతుంది. సెంట్రింగ్ సామాను బాడుగకిచ్చే చోట కరెంటు మిషను దొరుకుతుంది, ఇంత చిన్న చోటుకు ఎందుకులే అని చేత్తోనే కొట్టాం, ఆ రాత్రి అన్నం కలపడానికి వేళ్లు ముడుచుకోలేదు. మళ్లీ చేస్తే మిషనే తెస్తాను. నాయన పరీక్ష ఒక్కటే, మడమతో గట్టిగా తొక్కుతాడు, గుర్తు పడితే "ఇంకా కొట్టు", పడకపోతే తరువాతి పొర.

వాటం చూడటానికి లెవెల్ ట్యూబ్ వాడాం. సన్నటి పారదర్శకమైన పైపులో నీళ్లు నింపి రెండు కొసలు రెండు చోట్ల పట్టుకుంటే నీటిమట్టం రెండుచోట్లా ఒకటే ఉంటుంది, దాన్నిబట్టి కొయ్యల మీద గుర్తులు పెట్టుకుని దారం కట్టాలి. పది అడుగులకు ఇంచుంబావు పల్లం అనుకున్నాం, అంటే 30 అడుగుల చివరికి నాలుగించులకు కొంచెం తక్కువ. తీరా గుర్తులు పెడితే రెండించులు తేడా కొడుతోంది. పెట్టి, చెరిపి, మళ్లీ పెట్టి, నేనూ నాయనా ఒకరి మీద ఒకరం అరుచుకుని, మధ్యాహ్నం భోజనం కూడా విడివిడిగా తిన్నాక కనిపించింది, పైపు మధ్యలో బొటనవేలంత గాలి బుడగ. పైపును పైకెత్తి విదిలిస్తే పోయింది. ఈసారి వాటం గోడ నుంచి బయటికి, పెరటి చివరి అరటి పాదుల్లోకి.

మూల సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి మేస్త్రీలు వాడే పాత లెక్క ఉంది కదా, మూల నుంచి ఒకవైపు 3 అడుగులు, ఇంకోవైపు 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 5 వస్తే మూలమట్టంలో ఉన్నట్టు. స్కూల్లో దీన్ని పైథాగరస్ పేరుతో చదివి మార్కులు తెచ్చుకున్న నేను మొదటిసారి ఎందుకు వాడలేదో నాకే తెలియదు.

ఇక్కడి నుంచి భాయ్‌ని పిలిచాం. ముప్పై ఏళ్లుగా బండల పనే చేస్తున్నాడు, రాయిని వేళ్లతో తట్టి అది ఎక్కడ విరుగుతుందో చెప్పేస్తాడు. వచ్చీ రాగానే నాయనకూ ఆయనకూ వాదన. "మొత్తం మాలు పెట్టి పరుద్దాం పెద్దాయనా, రాయి కదలదు" అంటాడు భాయ్. "రేగడి కదులుతుంది భాయ్, ఇంత గరుసు పోసినా ఎంతోకొంత కదులుతుంది, సిమెంటుతో బిగిస్తే అది పగులుతుంది, పొడి మీద వేస్తే మళ్లీ ఎత్తి సరిచేసుకోవచ్చు" అంటాడు నాయన. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. చివరికి రాజీ ఏమిటంటే, దారి మొత్తం ఒకటిన్నర ఇంచు క్రషర్ డస్ట్ (కంకర కొట్టేటప్పుడు వచ్చే రాతిపొడి) మీద, గోడ దగ్గర నీళ్లు కిందికి దిగకూడదు కాబట్టి ఆ కూర్చునే చోట మాత్రం ఒకటికి ఆరు మాలు (ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్లు ఇసుక) మీద. పది ఇంచుల గరుసు, ఒకటిన్నర డస్ట్, ఒకటిన్నర రాయి, వెరసి పదమూడు. తవ్వింది పన్నెండు కాబట్టి దారి నేలకంటే ఇంచు ఎత్తుగా నిలిచింది, మట్టి కొట్టుకొచ్చి పైకి ఎక్కదు.

భాయ్ పని చూస్తూ కూచోవచ్చు, సినిమా అక్కర్లేదు. డస్ట్ పరిచి, రెండు ఇనుప పైపుల మీద చెక్క జరుపుతూ సాపు చేసి, బండ దించి, రబ్బరు సుత్తితో మధ్యలో కాకుండా మూలమూలకూ కొట్టి, రసమట్టం పెట్టి చూసి, ఆ తర్వాత సుత్తి పిడితో తట్టి చెవి పెడతాడు. నిండుగా ఆనితే ఠక్‌మంటుంది. అడుగున ఖాళీ ఉంటే డొల్ల శబ్దం. డొల్లగా ఉంటే మొహమాటం లేదు, ఎత్తి మళ్లీ వేయడమే. ఒక బండను నాలుగుసార్లు ఎత్తాడు, 37 కిలోలు. ఐదోసారి నేనే "చాల్లే భాయ్" అన్నాను. "మీ అమ్మ నడిచేది సార్ దీని మీద" అని మళ్లీ ఎత్తాడు.

అంచుల సంగతి నాకు అసలు తట్టనిది. డస్ట్ మీద పరిచిన బండలకు పక్కన ఆధారం లేకపోతే రోజూ తొక్కే కొద్దీ పక్కలకు జరుగుతాయి, సందులు పెరుగుతాయి, కింది పొడి కారిపోతుంది. అందుకని రెండు వైపులా ఆరించుల వెడల్పు కడప రాతి పట్టీలను అంచు మీద నిలబెట్టి పాతి, వెనక కాస్త కాంక్రీటు వేశాడు. పసుపు దారికి నల్ల అంచు, పట్టు చీర అంచులాగుందని అమ్మ మెచ్చుకుంది, ఖర్చు గురించి అప్పటికి అడగలేదు. కరివేపాకు చెట్టు దగ్గర మాత్రం అంచును వంపు తిప్పి మొదలు చుట్టూ రెండడుగులు మట్టి వదిలించాను, వేరుకు నీళ్లూ గాలీ ఆడాలి కదా. ఆ వంపు కోసం మూడు బండలు కోయాల్సి వచ్చింది, కోయకుండా ముగిద్దామన్న నా లెక్క అక్కడ పోయింది. కోసేటప్పుడు లేచే పొడి చూసి పక్కింటివాళ్లు కిటికీలు మూసుకున్నారు. నీళ్లు పోస్తూ కోస్తే పొడి చాలావరకు అణుగుతుంది, అయినా మూతికి గుడ్డ కట్టుకోవాల్సిందే, భాయ్ దగ్గు వింటే తెలుస్తుంది.

చివరి రోజు ఒక తప్పు జరిగింది. కూర్చునే చోట సందుల్లో సిమెంటు నింపాక బండల మీద మరకలు మిగిలాయి. భాయ్ టీకి పోయినప్పుడు సాయంగా వచ్చిన కుర్రాడు బాత్‌రూమ్ కడిగే ఆసిడ్ తెచ్చి పోసేశాడు. సుయ్‌మని నురుగు లేచింది. మరకలు పోయాయి, దాంతోపాటు రాయి మీది నునుపూ పోయి రెండు బండల మీద తెల్లటి పాడు మచ్చలు నిలిచాయి. నాపరాయి సున్నపురాయే కదా, ఆసిడ్ తగిలితే కరుగుతుంది. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, వాననీటిలో ఉండే ఆ కాస్త పులుపే లక్షల ఏళ్లు రాయిని తిని మూడు కిలోమీటర్లకు పైగా సొరంగాలు చేసింది. మా కుర్రాడు అదే పనిని అరనిమిషంలో చేశాడు. వాణ్ణి ఏమీ అనలేదు. వాడికెవరూ చెప్పలేదు, నాకూ అప్పటిదాకా తెలియదు. సబ్బు నీళ్లు, కొబ్బరిపీచు, మోచేతి బలం, సిమెంటు తడిగా ఉండగానే తుడిచేయడం, అంతే మార్గం. ఆ రెండు బండల మీద ఇప్పుడు పూలకుండీలు ఉన్నాయి.

దారి సందుల్లో ఎండిన సన్న డస్ట్ చల్లి చీపురుతో ఊడ్చాం. వారం రోజులకు కిందికి దిగిపోతుంది, మళ్లీ చల్లాలి, మూడుసార్లు చేశాం. సిమెంటు వేసిన చోట వారం పాటు గోనె సంచులు కప్పి తడిపాను. 55 బండల్లో చివరికి మిగిలింది ఒకే ఒక్కటి. ఖర్చు ఎంతయిందని అడిగేవాళ్లకు ఒక్క మాట చెప్తాను, రాయికి పెట్టినదానికంటే కనిపించని గరుసుకు, తవ్వకానికి, కూలీకి పెట్టిందే ఎక్కువ. మొదటిసారి నేను ఆదా చేశాననుకున్నది సరిగ్గా ఆ డబ్బే.

ఆగస్టు వచ్చింది. ఒక రాత్రి కుండపోత. పొద్దున నాయనే ఫోన్ చేశాడు. "లేచినాయా?" అన్నాడు. నేనూ పక్కమీద నుంచి లేచింది అప్పుడే, పెరట్లోకి పోయి ఆ చివర దాకా నడిచి చూశాను. దారిలో ఒక బండ మూల కాస్త కిందికి దిగింది, మిగతావన్నీ అట్లాగే ఉన్నాయి. నీళ్లు అరటి పాదుల్లోకి పోతున్నాయి, వంటింటి గోడకు చెమ్మ లేదు. ఆ మూల దిగినదాన్ని గడ్డపారతో ఎత్తి, రెండు దోసిళ్ల డస్ట్ పోసి కూచోబెడితే పావుగంటలో అయిపోయింది. మాలుతో బిగించి ఉంటే దాన్ని పగలగొట్టాల్సి వచ్చేది. ఈ ముక్క భాయ్‌కి చెప్పలేదు, పాపం.

ఇక అమ్మ సంగతి. ఆ వానాకాలం హాయిగా నడిచింది. ఎండాకాలం రాగానే ఎండిన రాయి ఎంత శుభ్రంగా ఉందో, ఎంత వేడిగా ఉందో గమనించింది. మార్చిలో వడియాలతో మొదలైంది, తర్వాత మిరపకాయలు, తర్వాత చింతపండు, ఇప్పుడు మామిడి ముక్కలు. పక్కింటి వదిన కూడా ఒక చాప తెచ్చి పరుచుకుంది. బట్టలారేయడానికి పోవాలంటే నేను చెప్పులు చేత్తో పట్టుకుని దారి పక్కన మట్టిలోనే నడుస్తున్నాను.